పసిబిడ్డకు భేదులైతే పాలు ఆపవద్దు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన ఇళ్లలో చంటిబిడ్డకు వాంతులు, భేదులు పట్టుకుంటే పెద్దలు అనే మాటలు అందరికీ తెలిసినవే. పళ్లు వస్తున్నాయంటారు, దిష్టి తగిలిందంటారు. తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని పాలు, నీళ్లు రెండూ ఆపేస్తారు. సాయంత్రానికి బిడ్డ కళ్లు లోతుకు పోతాయి. అప్పుడు సూదిమందు కోసం పరుగులు! పెద్దల ప్రేమను మేము శంకించడం లేదు. కానీ ఈ అలవాటు పసిప్రాణానికి ముప్పు తెస్తున్నది.

ఆసుపత్రిలో చేర్చేంతగా భేదులయ్యే పసిపిల్లల్లో చాలామందికి కారణం రోటా వైరస్. చుక్కల మందు రాకముందు మన దేశంలో అలా చేరిన అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి దాదాపు 40 మందిలో ఇదే కనిపించింది. నోరో, ఆస్ట్రో, అడినో వైరస్‌లదీ ఇదే దారి. రెండేళ్లలోపు బిడ్డలకు, అందునా చలికాలంలో, రోటా బెడద ఎక్కువ. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కొద్ది రోజుల్లో అదే తగ్గుతుంది. ఈలోగా ఒంట్లోని నీరు, ఉప్పు పోవడమే ప్రాణం తీస్తుంది.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు. ఈనాటి ఓఆర్‌ఎస్ పొట్లం అదే. ఒక పొట్లం మొత్తం ఒక లీటరు మంచినీళ్లలో కలపాలి, గ్లాసులో సగం పొట్లం కాదు. బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో పట్టాలి. డాక్టరు రాసిన జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి. రక్తం పడినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికే.

తల్లిపాలు మాత్రం ఆపనే కూడదు. దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా పాలిచ్చే కాలాన్ని రెండేళ్లుగా పేర్కొన్నది. రమజానులో బిడ్డకు హాని అని భయపడే పాలిచ్చే తల్లికి ఉపవాసం తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటు కూడా ఉంది. దువా చేయించండి, ఓఆర్‌ఎస్ కూడా పట్టండి. వుజూకు అంత శ్రద్ధగా చేతులు కడిగే మనం, బిడ్డ మలం ఎత్తిన చేతికి సబ్బు మరువవచ్చునా?

2016లో ప్రభుత్వం రోటా చుక్కలను మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వేసిన మందు హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసినది. పరీక్షల్లో అది మొదటి ఏడాది తీవ్రమైన రోటా భేదులను సగానికి పైగా తగ్గించింది. 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు. కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి పత్తి, మిరప పనులకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల్లోనే రెండో, మూడో మోతాదులు తప్పే ప్రమాదమున్నది. జుమా రోజు ఇమాము సాహెబులు దీన్ని ఒక్క మాట గుర్తుచేస్తే బాగుంటుందని మా మనవి. మూటాముల్లెతోపాటు టీకా కార్డు కూడా కట్టుకోండి. వెళ్లిన ఊరి ప్రభుత్వాసుపత్రిలోనూ మిగిలిన చుక్కలు వేయించుకోవచ్చు. మొదటి మోతాదు మాత్రం బిడ్డకు ఏడాది నిండకముందే పడాలి.