మంచు నది, వెచ్చని నది

ఉత్తర అమెరికాలో గడ్డకట్టిన పెద్ద నదులపై రంధ్రం తొలిచి వాలై చేపకు గాలం వేసేవారు ముందుగా మంచుపలక మందం కొలుస్తారు. అడుగున ప్రవాహం ఒరుసుకొనడం వల్ల నది మీది మంచు సరస్సు మంచు కన్నా నమ్మరానిది. మలేషియాలోని సుంగై సిపుట్ ప్రాంతంలో పారే ప్లుస్ నది ఎన్నడూ గడ్డకట్టదు. ఇటువంటి వెచ్చని నదులలో ప్రమాదం కంటికి కనబడదు. ఎలుకల వంటి జంతువుల మూత్రంతో నీటిలో చేరిన లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి, నీటిలో నిలబడి గాలం వేసేవారి కాలి గాయాల గుండా దేహంలో ప్రవేశించగలదు. సాధారణంగా 5 నుండి 14 రోజులకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు పొడసూపుతాయి. అప్పటికి ప్రయాణికుడు ఇల్లు చేరి ఉంటాడు. జ్వరానికీ నదికీ ఉన్న సంబంధం అతనికి తోచదు. తొలిదశలో డాక్సీసైక్లిన్ వంటి సాధారణమైన మందుతో నయమయ్యే ఈ వ్యాధి, ఆలస్యమైతే కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. కనుక మంచు మందం కొలిచినంత శ్రద్ధతో, నదిలో దిగిన సంగతిని వైద్యునికి చెప్పాలి.