చేపలు గ్రుడ్లు పెట్టు కాలము – వేట విరామముపై వివాదము

గ్రుడ్లతో నున్న చేపను పట్టరాదనుటను కాదనువారు అరుదు. అయితే ఏ నెలలో ఆగవలెను, ఏ పడవ ఆగవలెను, ఆ నష్టము నెవరు భరింపవలెను అన్నచోట తగవు మొదలగును. మన దేశమున ఈ తగవు మిక్కిలి తీవ్రముగా సాగినది కేరళ తీరమున.

1953లో ఆరంభమైన ఇండో–నార్వే పథకముతో అచ్చటికి చిన్న మరపడవలు వచ్చినవి. పిమ్మట సముద్రపు అడుగును ఈడ్చుకొనిపోవు సంచివంటి ట్రాలు వల వ్యాపించినది. విదేశములలో రొయ్యకు గిరాకి హెచ్చిన కొలది మరపడవలును హెచ్చినవి. తమకు చేప దక్కుట లేదని నాటు పడవలవారు మొరపెట్టిరి.

వర్షకాలమున పెక్కు జాతుల చేపలు గ్రుడ్లు పెట్టును. అప్పుడు అడుగును ఊడ్చినచో తల్లియు పిల్లయు ఒక్క వలలోనే పోవును. కావున ఆ నెలలలో ట్రాలు వేట నిలుపవలెనని వారి వాదము. మరపడవల యజమానులు దీని నంగీకరింపలేదు. కవ్వలు, కానాగంతలు నీటి పై పొరలలో తిరుగునవి, వానికి మా వలతో ప్రమాదము లేదనిరి. కరిక్కాడి రొయ్య అల్పాయువు. వర్షకాలమున నీండకర తీరమున లోతునకు పోవును. అప్పుడు పట్టనిచో ఎవరికిని దక్కదనిరి. రొయ్యలు ఒలుచు స్త్రీల కూలి పోవుననియు చెప్పిరి.

1980లో కేరళ ప్రభుత్వము సముద్రపు వేటను క్రమపరచు చట్టము చేసినది. 1981లో నియమింపబడిన బాబుపాల్ సంఘమున సభ్యులకు ఏకాభిప్రాయము కుదరలేదు. 1984లో మత్స్యకారులు నిరాహారదీక్షలకు పూనుకొనిరి. 1988లో నిషేధము వచ్చినను నీండకరకు మినహాయింపు దొరకినది. బాలకృష్ణన్ నాయర్ సంఘము సిఫారసుపై 1989లో అదియు తొలగినది. యజమానులు న్యాయస్థానములకెక్కిరి, 1994లో సుప్రీంకోర్టు నిషేధమును సమర్థించినది.

అంతటితో చిక్కు తీరలేదు. 1980ల నడుమ నాటు పడవలవారే పెద్ద రింగు వలలు చేపట్టిరి. నిషేధము వానికి వర్తింపదు. కాని వాని సన్న కన్నులలో కవ్వ పిల్లలు చిక్కుకొనును. గ్రుడ్లు పెట్టు నెలలలో తల్లిని విడిచి, తరువాత పిల్లను పట్టినచో విరామమువలన ఫలమేమి? నెలలను నిర్ణయించినంత మాత్రమున చాలదు, వల కన్నును కూడ చూడవలెనని ఈ చరిత్ర తెలుపుచున్నది.

మన తూర్పు తీరమున 2015 నుండి విరామము 61 దినములు: ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. అంతకుముందు అది మే నెలతో ముగిసెడిది. యంత్రము లేని తెప్పలకు, నాటు పడవలకు ఇది వర్తింపదు. ఆ రెండు నెలలు ఆగిన కుటుంబములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో 10 వేల రూపాయలు, 2025లో 20 వేల రూపాయలు భృతిగా నిచ్చినది. విరామపు ఫలము తీరమంతటికిని చెందునపుడు, ఆ దినముల పస్తును ఒక్క వేటగాని యింటికే విడుచుట న్యాయము కాదు గదా!