తుప్పు మీద రంగు ఎవరి కోసం?

ఎండాకాలం కాలువలు కట్టేశాక కోనసీమలో లాకులకూ, తూము షట్టర్లకూ రంగులేసే పని పడుతుంది. ఐనవిల్లి చుట్టుపక్కల కూలీలకు అవి పొలం పనుల్లేని రోజులు, పిలిస్తే చాలు వెళతారు. కంట్రాక్టరుకు మాత్రం బిల్లు తొందర. రంగు డబ్బా చేతికిచ్చి "పూసేయండ్రా" అంటాడు. తుప్పు గీకే కూలి లెక్క కట్టడు. మా తగువు అక్కడే.

తుప్పు మీద వేసిన రంగు ముసుగు తప్ప మరేం కాదు. ఇనుముకు తేమా, గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే చెప్పక్కర్లేదు, సముద్రం పక్కనున్న మనకు దానికీ కొదవ లేదు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల ఉబ్బి పై రంగును పెచ్చులుగా లేపేస్తుంది.

సాగునీటి తూము బిగుసుకుపోతే శివారు చేలకు నీళ్లందవు. మురుగు కాలువ తలుపు లేవకపోతే వాననీరు చేలోనే నిలుస్తుంది, దిగకపోతే పోటుకు ఉప్పునీరు ఎగదన్నుతుంది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు బాధ కూడా చెప్పారు. 2022లో మళ్లీ అదే మాట. రైతుకు విరామమంటే కూలికి పస్తే. ఆ పస్తును ఎవరు లెక్క రాశారు?

ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. తుప్పు పట్టినా పట్టించుకోలేదన్న విమర్శ వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, వాటి మీద అందరి కళ్లూ ఉంటాయి. పెద్ద గేటు పోతే మంత్రులు పరుగెత్తుకొస్తారు. ఊరి తూము పోతే గోనెసంచుల్లో మట్టి నింపి మనమే అడ్డం వేసుకోవాలి.

సరైన పని ఎలాగో మేస్త్రీలకు తెలుసు. ముందు మంచినీళ్లతో ఉప్పూ బురదా కడగాలి. గ్రీజు మరకల్ని టర్పెంటైను గుడ్డతో తుడవాలి, లేకుంటే తీగబ్రష్షు దాన్ని అంతటా పులిమేస్తుంది. సుత్తితో పెచ్చులు రాల్చి, గీకి, రుద్ది, ఎమరీ కాగితం పట్టి ఇనుము తేలేలా చెయ్యాలి. దుమ్ము దులిపి, పొడిగా ఉండగానే, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పడాలి. రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. అంచులకూ, బోల్టులకూ, వెల్డింగు అతుకులకూ బ్రష్షుతో ముందు ఒక చెయ్యి వెయ్యాలి, తుప్పు దూరేది అక్కడినుంచే. ఆరాక రెండో చెయ్యి, ఆపైన రంగు. ప్రైమరుతో సరిపెట్టేస్తే తేమ ఆగదు.

ఇక మన ఒంటి సంగతి. పాత షట్టర్ల మీద సీసపు సిందూరం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. గర్భిణులకూ, పిల్లలకూ మరీ చేటు. జింకు క్రోమేటు కలిసిన ప్రైమరు దుమ్ము క్యాన్సరు తెస్తుంది. రంగుల్లో సీసానికి హద్దు పెట్టిన 2016 నిబంధనలు ఇంటి రంగులకూ, అలంకారపు రంగులకే. ఇలాంటి ఇనుప పనులకు కాదు! కాబట్టి పాత రంగును తడిపి గీకి, ఆరనివ్వాలి. మాస్కు అడిగి తీసుకోవాలి. చేతులు కడగనిదే అన్నం, బీడీ ముట్టొద్దు. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

రంగు పని రేటులో గీకుడు కూడా మామూలుగా కలిసే ఉంటుంది. ఎస్టిమేటు కాగితం సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గీకిన ఇనుమును ప్రైమరు పడకముందే ఇంజనీరు వచ్చి చూడాలనీ, గీకుడుకు విడిగా రోజు కూలి కట్టాలనీ వచ్చే వేసవి కాలువలు కట్టకముందే కూలీలూ, ఆయకట్టు రైతులూ కలిసి అడగాలి.