మిల్లు కొనే ముందు తూము చూడండి: ముగ్గుపిండితో సంఘం వ్యాపార ప్రణాళిక



ఖమ్మం దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున ప్రకృతి వ్యవసాయంలో దేశీ వరి పండించే రైతులు నలుగురు కూడితే ఒక మాట తప్పకుండా వస్తుంది: "అప్పు తెచ్చయినా సొంత మిల్లు పెట్టుకుందాం." మంచి మాటే. కానీ అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక పూట కూర్చుని చేయాల్సిన పని ఉంది. దానికి ఖర్చు రెండు దోసిళ్ల ముగ్గుపిండి. గీసే పద్ధతి వీడియోలో చూడండి, ఎందుకు గీయాలో ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఒక పోలిక

"వ్యాపార ప్రణాళిక" అనగానే మీటింగులో సగం మంది నోరు మెదపరు. అదే "మన సంఘం ఒక చెరువు అనుకోండి" అంటే అందరికీ మాటలొస్తాయి. చెరువు నిండా నీళ్లున్నా పొలానికి చేరేది తూము వదిలినంతే. కట్ట ఎంత ఎత్తు చేసినా చివరి మడి తడవదు.

1984లో వచ్చిన 'ది గోల్' నవలలో ఎలియాహు గోల్డ్‌రాట్ ఈ సంగతినే ఫ్యాక్టరీ కథగా చెప్పాడు. అందులో పిల్లలు అడవిబాటలో వరుసగా నడుస్తుంటారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగమే గుంపు వేగం. వాడి మూటలో బరువు మిగతావాళ్లు పంచుకున్నాకే గుంపు ముందుకు సాగుతుంది. అడవి నుంచి గంపలెత్తుకుని వచ్చేవాళ్లకు ఇది కొత్త కాదు.

పోలికతో జాగ్రత్త కూడా అవసరం. "మార్కెట్ ఒక యుద్ధం" అంటే పొద్దంతా దళారిని తిట్టడంతోనే సరిపోతుంది. "సంఘం ఒక మర్రిచెట్టు" అంటే, అదే పెరుగుతుందిలే అని కూర్చుంటాం. రెండు మూడు పోలికలు చెప్పించి, చేయాల్సిన పనిని చూపించేది పట్టుకోండి.

నేల మీద పటం

ఊరివాళ్లే ముగ్గు, గింజలు, రాళ్లతో పటం గీసే పద్ధతి 1980ల చివర్లో మన దేశంలో బాగా వ్యాపించింది. చదువు రాని అవ్వ కూడా ఇందులో చెయ్యి పెట్టగలదు. పొలం, కల్లం, మిల్లు, ప్యాకింగ్, అమ్మకం వరసగా గీసి, ఒక్కోచోట ఎంత సరుకు దాటగలదో గింజలు పెట్టించండి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. పంట 600 బస్తాలు. నవంబరు తుఫాను వానల మధ్య ఆరబెట్టగలిగేది 250. దగ్గర్లోని మిల్లు ఆడించగలిగేది 500. ఏడాదిలో బియ్యంగా అమ్ముడుపోయేది 350 బస్తాలవి. ఇప్పుడు వెయ్యి బస్తాలు ఆడించే మిల్లు తెచ్చినా చేతికొచ్చేది 250 బస్తాలే! మిగతా పచ్చి వడ్లు మామూలు వడ్ల ధరకు పోతాయి. జీవామృతం కలిపి, కలుపు తీసి పడ్డ కష్టమంతా అక్కడ కలిసిపోతుంది. పైగా నెలనెలా వాయిదా.

తూము మిల్లు దగ్గర లేదు, కల్లం దగ్గర ఉంది. పట్టాలు, కల్లం పెంచి 500 ఆరబెట్టారనుకోండి, అప్పుడు తూము అమ్మకం దగ్గరికి, 350కి జరుగుతుంది. అంటే రెండో పని కొనేవాళ్లను వెతకడం. మిల్లు వంతు ఇంకా రాలేదు.

మూడు రకాల రాళ్లు

అడ్డంకులు చెప్పించి, ఒక్కోదానికి ఒక రాయి పెట్టండి.

• మారనివి: వాన, రిజర్వు ఫారెస్టు హద్దు, వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు పనులు. ఆ రోజుల్లో కోయ కుటుంబాలు అడవిలో ఉంటాయి. ప్యాకింగ్ పని అప్పుడు పెట్టుకోకండి.

• మాట్లాడితే మారేవి: మిల్లులో దేశీ వడ్లకు విడిగా ఒక రోజు, బండి కిరాయి, పంచాయతీ స్థలంలో ఉమ్మడి కల్లం.

• మన చేతిలోవి: పట్టాలు కొనడం, వడ్లు 14 శాతం తేమకు వచ్చాకే నిల్వ చేయడం, త్వరగా కోతకొచ్చే నవారాతో పాటు ఆలస్యంగా వచ్చే రకాలు వేసి కోతలు ఒకేసారి మీద పడకుండా చూడటం.

మారని రాళ్ల చుట్టూ పని తిప్పుకోండి, మాట్లాడే రాయికి ఒక మనిషిని, ఒక తేదీని పెట్టండి, చేతిలో ఉన్నది రేపే మొదలుపెట్టండి.

ఒక్కమాట మరవొద్దు. పటం గీసేటప్పుడు ఆడవాళ్లు తప్పక ఉండాలి. ఎన్ని బస్తాలు నిజంగా ఆరాయో, ఎన్ని ముక్కిపోయాయో వడ్లు తిరగేసిన చేతులకే తెలుసు.

ముగ్గు చెరిగిపోకముందే ఫోనులో ఫొటో తీసుకోండి. వచ్చే ఏడాది మళ్లీ గీసి పోల్చుకోవచ్చు. మీ సంఘంలో తూము ఎక్కడ బిగుసుకుందో వీడియో కింద రాయండి, ఇంకో సంఘానికి పనికొస్తుంది.