నేలపట్టు చెరువు పక్షులు - మన వరిపొలము

పూర్వపు నెల్లూరు జిల్లా దక్షిణ భాగమున, దొరవారిసత్రము మండలములో నేలపట్టు అను గ్రామము కలదు. అచటి చెరువు 1976 లో పక్షుల రక్షిత కేంద్రముగా ప్రకటింపబడినది. వైశాల్యము సుమారు 459 హెక్టార్లు. చలికాలమున ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని పోయి చూడవలెను. వేడుక సరే, మన సాగునకు సంబంధించిన సంగతులును అచట కలవు.

మూడు గంటల వేళకు గట్టు చేరుడు. ఎండ వీపున పడునట్లు నిలిచినచో రంగులు స్పష్టముగా కనబడును. బిగ్గర మాటలు పనికిరావు. నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతుల గూళ్లుండును. పెద్ద పక్షులు పులికాటు సరస్సునకును, చుట్టుప్రక్కల చెరువులకును పోయి, వేడిగాలిపై తేలుచు, రెక్కలు అంతగా ఆడింపకయే తిరిగివచ్చును. పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి చేపలు తినును. గ్రుడ్లు పొదుగుటకు సుమారు నెల, పిల్ల ఎగురుటకు మరి మూడు నెలలకు పైగా పట్టును. అంతకాలము చెట్ల క్రింద నీరుండవలెను. మొదళ్లు ఆరినచో కుక్కలు, నక్కలు గూళ్ల క్రిందికి చేరి, జారిపడిన పిల్లలను ఎత్తుకొనిపోవును.

ఇక నత్తగుల్ల కొంగను చూడుడు. ముక్కు మూసినను నడుమ సందుండును. ఆ ముక్కుతో నత్త కండను చిప్పనుండి నేర్పుగా లాగుకొనును. మన మడులలోనికి దిగునదియు ఈ కొంగయే.

గూళ్ల క్రింద నీటిలో పడు రెట్టలో నత్రజని, భాస్వరము కలవు. ఆ నీరు పారిన పొలమునకు కొంత ఎరువు ఊరకయే అందును. దీనిని నమ్మి పెంటపోగు మానుకొనుట మాత్రము తెలివి కాదు. తమిళదేశమున వేడంతాంగల్ రైతులు ఈ లాభమును ఏనాడో గుర్తించిరి. కంపెనీ సిపాయిలు పక్షులను కాల్చగా, 18 వ శతాబ్దము చివర వారు కలెక్టరునకు మొరపెట్టుకొని, పక్షులను కాపాడు హక్కు పొందిరని చెప్పుదురు.

అన్ని పక్షులును మిత్రులే యనుట సరికాదు. కొన్ని బాతులు వరిగింజలు తినును, నారుమడులు త్రొక్కును. డబ్బా చప్పుడు చేసి తోలుడు. విషపు గింజలు చల్లుట, వలపన్నుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

పురుగుమందుల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. గ్రుడ్ల పెంకులను పలుచబరచు డి.డి.టి. 1989 లో సేద్యమునుండి తొలగింపబడినది గాని, గుళికల మందులలో కొన్ని నేటికిని పక్షులకు ఘోరవిషములే. పురుగు ఉధృతి చూచియే మందు వాడుడు. స్ప్రేయరును, డబ్బాలను చెరువునకు నీరు తెచ్చు కాలువలో కడుగరాదు. మందు వేసిన మడిలో చచ్చిన చేప, నత్త తేలినచో వెంటనే ఏరి పాతిపెట్టుడు. లేనియెడల కొంగ దానిని మ్రింగి, గూటిలోని పిల్లలకు కక్కి పెట్టును.