పిల్లలు అమెరికాలో ఉన్నారా.. దాచొద్దు!

అమ్మాయి పురుడికో, మనవడి అక్షరాభ్యాసానికో అమెరికా వెళ్లాలంటే బీ-2 వీసా తీసుకోవాలి. ‘పిల్లలు అక్కడున్నారంటే ఇవ్వరట’ అన్న భయంతో కొందరు ఆ సంగతే దాచేస్తారు. డీఎస్-160 దరఖాస్తులో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది. అబద్ధం బయటపడితే ఆ దేశంలో అడుగుపెట్టే దారే మూసుకుపోవచ్చు.

అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోతారనే మొదట అనుకుంటారు. కాదని నమ్మించాల్సింది మనమే. అబ్బాయి పంపిన ఆహ్వాన లేఖ అందుకు చాలదు. అసలు అది తప్పనిసరీ కాదు. ఇక్కడున్న ఇల్లు, పొలం, పింఛను, మిగతా పిల్లలే మీ బలం.

ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఖర్చెవరిది? ఇంటర్వ్యూలో వీటికి ఫారంలో రాసిందే చెప్పండి. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులోనూ మాట్లాడొచ్చు. వీసా 10 ఏళ్లకు వచ్చినా, వెళ్లిన ప్రతిసారీ ఎన్నాళ్లుండొచ్చో అక్కడి విమానాశ్రయంలో అధికారే చెబుతారు. మామూలుగా అది 6 నెలలు.