ఫారంలో చోటు లేని నేస్తం

కరోనా సెకండ్ వేవ్‌లో బెడ్ వెతికినవాళ్లు, బిల్లు కట్టినవాళ్లు, ఫోన్లో ధైర్యం చెప్పినవాళ్లు ఎందరో దూరాన ఉన్న స్నేహితులే. ఆసుపత్రి మాత్రం 'బంధువు' ఎవరని అడిగింది

''పేషెంటుకు మీరేమవుతారు?'' 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆసుపత్రుల హెల్ప్‌డెస్కులకు ఫోన్ చేసినవారికి ముందుగా ఎదురైన ప్రశ్న ఇది. అన్ననో, చెల్లెలినో, కొడుకునో అంటే సరే. 'స్నేహితుణ్ణి' అంటే అవతలి నుంచి క్షణం మౌనం, ఆ తర్వాత ''ఇంట్లో వాళ్లతో చేయించండి'' అనే సలహా. ఇంట్లో వాళ్లు ఫోన్ చేసే స్థితిలో ఉంటే స్నేహితుడు ఆ నంబరు నొక్కేవాడే కాదు. మే 1న దేశంలో ఒక్క రోజు కేసులు 4 లక్షలు దాటాయి. మే 7 నాటికి 4,14,188కి చేరాయి. డెల్టా రకం వైరస్ ధాటికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచం పట్టిన రోజులవి. భర్త ఐసీయూలో, భార్య మరో ఆసుపత్రిలో, అత్తమామలు హోమ్ ఐసొలేషన్‌లో ఉంటే అటెండెంట్ పని చేయాల్సింది ఎవరు?

బెంగళూరులోనో, పుణెలోనో, న్యూజెర్సీలోనో ఉన్న కాలేజీ మిత్రులు, పాత సహోద్యోగులు ఆ పని తలకెత్తుకున్నారు. విజయవాడలో డాక్టర్ రౌండ్స్ ముగిసే ఉదయం పదకొండున్నరకు న్యూజెర్సీలో అర్ధరాత్రి దాటి రెండవుతుంది. అలారం పెట్టుకుని లేచి ఫోన్ చేయడమే తప్ప విమానం ఎక్కి వచ్చే దారి లేదు. 2020 మార్చి 23న ఆగిన రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27 దాకా మళ్లీ మొదలు కాలేదు. పరిమిత విమానాల్లో వచ్చినా తిరిగి వెళ్లగలరన్న భరోసా లేదు. బ్రిటన్ 2021 ఏప్రిల్ 23న భారత్‌ను రెడ్ లిస్ట్‌లో పెట్టింది. మే 4 నుంచి అమెరికా ఆంక్షలు విధించింది.

బెడ్ ఉందా, గాలి ఉందా?

దూరాన ఉన్నవారు మొదట చేసిన పని వెతుకులాట. ట్విట్టర్, వాట్సాప్ గ్రూపులు, గూగుల్ షీట్లు బెడ్ల వివరాలతో నిండిపోయాయి. అలా సాయం అడిగినవారిపై కొన్నిచోట్ల కేసుల బెదిరింపులు వచ్చిన నేపథ్యంలో ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. పౌరులు సోషల్ మీడియాలో తమ గోడు వెళ్లబోసుకుంటే ఆ సమాచారాన్ని అణచివేయడాన్ని కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్‌ల ధర్మాసనం హెచ్చరించింది.

అయితే సమాచారం వెల్లువెత్తడం వేరు, అది పనికి రావడం వేరు. ఉదయం పోస్టు చేసిన నంబరు మధ్యాహ్నానికి పనిచేసేది కాదు. ఒకే పేషెంటు కోసం పదిమంది మిత్రులు అదే ఆసుపత్రికి ఫోన్ చేస్తే లైను మరింత బిజీ అయ్యేది. ఆక్సిజన్ సిలిండర్ పంపిస్తామని అడ్వాన్సు తీసుకుని మాయమైన మోసగాళ్లూ తక్కువేమీ కాదు. అనుభవం మీద చాలా గ్రూపులు ఒక పద్ధతికి వచ్చాయి: ప్రతి నంబరుకూ స్వయంగా ఫోన్ చేయడం, ఏ సమయానికి నిర్ధారించుకున్నారో పక్కనే రాయడం, బెడ్ దొరకగానే పాత విజ్ఞప్తి తొలగించడం. ఊరును బట్టి దారి మారుతుందన్న సంగతీ తెలిసొచ్చింది. ముంబైలో వార్డుకో వార్ రూమ్ ఉంది. బెంగళూరులో నగరపాలిక కేంద్రీకృత కేటాయింపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 104 కాల్ సెంటర్ ఉంది. అక్కడి తీరు తెలిసిన ఒక్క స్థానికుడు వంద ఫార్వర్డ్‌ల కంటే ఎక్కువ అక్కరకొచ్చాడు.

బెడ్ దొరికాక రెండో ప్రశ్న: ఆక్సిజన్ ఎన్ని గంటలకు సరిపోతుంది? ఏప్రిల్ 19న మహారాష్ట్రలోని కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లతో బయల్దేరిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారంలోనే ప్రాణవాయువు నింపుకుంది. అలాంటి రాష్ట్రంలోనే మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది మరణించినట్లు అధికారులు ప్రకటించారు. ఆక్సిజన్ ఎక్కడ తయారవుతోందన్నదానికన్నా ట్యాంకర్ సమయానికి వచ్చిందా లేదా అన్నదే ప్రాణాలను నిర్ణయించింది.

సరిహద్దులో అంబులెన్స్

అదే మే 10న తెలుగువారికి మరో దెబ్బ తగిలింది. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపేశారు. మర్నాడు హైకోర్టు ఆక్షేపించింది. ఆ వెంటనే ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. హైదరాబాద్ ఆసుపత్రి ముందుగా బెడ్ ఖాయం చేయాలి, కంట్రోల్ రూమ్ అనుమతి ఇవ్వాలి, అప్పుడే ప్రవేశం. కర్నూలు దాటాక వచ్చే పుల్లూరు టోల్ ప్లాజా దగ్గర మళ్లీ అంబులెన్సులు బారులు తీరాయి. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికింకా రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. ఆ హోదా 2024 జూన్ 2తో ముగిసింది.

ఆ నాలుగు రోజులూ హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడి విలువేమిటో టోల్ ప్లాజా దగ్గర ఆగిన కుటుంబాలకు తెలుసు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి బెడ్ ఖాయమైనట్టు కాగితం రాయించి, దాని ఫొటో అంబులెన్స్ డ్రైవర్ ఫోనుకు పంపగల మనిషి అవతలి వైపున ఉంటే బండి కదిలేది.

పరుగంతా మందు కోసమే

దూరాన ఉన్నవారి శ్రమలో పెద్ద భాగం మింగేసినవి రెండు: రెమ్డెసివిర్, ప్లాస్మా. బ్లాకులో వేల రూపాయలు పోసి ఇంజెక్షన్ కొన్నవారెందరో. కానీ ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు రెమ్డెసివిర్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబర్‌లోనే షరతులతో కూడిన సిఫారసు చేసింది. (2022లో కొత్త ఆధారాలతో ఆ వైఖరి సడలింది.) ప్లాస్మా సంగతీ అంతే. దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై ఐసీఎంఆర్ జరిపిన అధ్యయనం 2020 అక్టోబర్‌లోనే ప్రచురితమైంది. వ్యాధి ముదరడాన్ని గానీ, మరణాలను గానీ ప్లాస్మా తగ్గించలేదని అందులో తేలింది. అయినా చికిత్సా మార్గదర్శకాల నుంచి దాన్ని తొలగించింది 2021 మే 17న. ఈలోగా ఎందరు మిత్రులు దాతల కోసం రాత్రింబవళ్లు గాలించారో లెక్కలేదు.

ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో మరణాలను తగ్గిస్తుందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే నిరూపించిన డెక్సామెథసోన్ మాత్రం చవకైన పాత స్టెరాయిడ్. దాని కోసం ఎవరూ ట్వీట్ చేయాల్సిన పని లేదు. దాన్ని ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది డాక్టర్ తేల్చాలి. అక్కర్లేని స్టెరాయిడ్లు, అదుపు తప్పిన మధుమేహం కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీయడం అదే మే నెలలో దేశం చూసింది. స్నేహితుడు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న 'ఏ మందు తెమ్మంటారు?' కాదనీ, 'షుగర్ ఎంతుంది, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు పెడుతున్నారు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి?' అనీ చాలామందికి ఆలస్యంగా అర్థమైంది.

విదేశాల్లోని మిత్రులు పంపిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల విషయంలోనూ ఇదే తకరారు. వ్యక్తిగత వాడకానికి వాటిని కానుకగా పోస్టులో, కొరియర్‌లో తెప్పించుకోవడానికి కేంద్రం ఏప్రిల్ 30న అనుమతించింది. నిమిషానికి 5 లీటర్లిచ్చే యంత్రం స్వల్ప అవసరానికి, డిశ్చార్జి తర్వాత ఇంట్లో వాడకానికి ఉపయోగం. నిమిషానికి 40, 50 లీటర్లు కావలసిన రోగికి అది ఐసీయూ బెడ్‌కు బదులు కాలేదు.

గొంతు వినిపిస్తే చాలు

కోవిడ్ వార్డులోకి సందర్శకులకు ప్రవేశం లేదు. పేషెంటుకు బయటి ప్రపంచమంటే చేతిలోని ఫోనే. మొదట్లో దాని మీదా నిషేధాలు వచ్చాయి. 2020 మేలో ఉత్తరప్రదేశ్ కోవిడ్ వార్డుల్లో మొబైళ్లను నిషేధించి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. ఢిల్లీ ఎల్‌ఎన్‌జేపీ ఆసుపత్రి 2020 జూన్‌లో పేషెంట్లు ఇంట్లోవారితో మాట్లాడేందుకు వీడియో కాల్ సదుపాయం ఏర్పాటు చేసింది. ఆ తర్వాత పేషెంట్లకు స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను కోరింది. కుటుంబంతో, స్నేహితులతో మాట్లాడటం పేషెంటుకు మానసిక బలమన్నది ఆ లేఖ సారాంశం.

ఆ బలం ఎంత అవసరమో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి చెబుతుంది. అక్కడి 23 ఐసీయూల రోగుల దగ్గరివారిని పరిశీలించి 2022లో జామా పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మూడు నెలల తర్వాత తీవ్ర మానసిక ఆఘాత లక్షణాలు కోవిడ్ రోగుల దగ్గరివారిలో 35 శాతం మందికి ఉన్నాయి. ఇతర కారణాలతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగుల దగ్గరివారిలో అది 19 శాతమే.

దూరం నుంచి పనికొచ్చినవి చూడ్డానికి చిన్నవే. పొడవాటి వైరున్న ఛార్జర్, కళ్లజోడు, వినికిడి యంత్రం వార్డులోకి చేర్పించడం. మాస్కు పెట్టుకున్న మనిషి మాట్లాడలేడు కనుక ప్రశ్నలు అడగకుండా, తాము మాట్లాడి వినిపించడం. డాక్టర్ సరేనన్న పేషెంటుకు బోర్లా పడుకోమని గంట గంటకూ గుర్తు చేయడం. రోజుకొకసారి, ఒక్కరే ఆసుపత్రికి ఫోన్ చేసి, విన్నది మిగతా అందరికీ అదే మాటల్లో చేరవేయడం.

చట్టం కంట్లో స్నేహితుడు

డబ్బు దగ్గరికొచ్చేసరికి స్నేహం చట్టానికి తట్టుకుంది. ఆదాయపు పన్ను చట్టం లెక్కలో బంధువిచ్చిన కానుకకు పన్ను లేదు. బంధువు కాని వారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి వస్తే పుచ్చుకున్నవారి ఆదాయమే. అంటే వైద్యానికి మిత్రులంతా చందాలేసి పంపిన లక్షల మీద పేషెంటు పన్ను కట్టాలన్నమాట. 2021 జూన్ 25న కేంద్రం ఈ ముడి విప్పింది. కోవిడ్ చికిత్సకు యజమాని నుంచి గానీ, మరెవరి నుంచి గానీ అందిన సాయంపై పన్ను మినహాయించింది. రోగి మరణిస్తే కుటుంబానికి ఇతరులిచ్చే సాయానికి 10 లక్షల రూపాయల వరకూ మినహాయింపునిచ్చింది. అంతకుముందు మే 7న ఆసుపత్రులు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవచ్చని ఇచ్చిన సడలింపులోనూ ఓ షరతుంది: పేషెంటుకూ, డబ్బు కట్టేవారికీ సంబంధమేమిటో రాసుకోవాలి.

వైద్య నీతి నియమావళి మాత్రం అంత కఠినం కాదు. భారత వైద్య మండలి 2002 నిబంధనలు రోగి పరిస్థితి ఎవరికి తెలియజేయాలో చెబుతూ రోగి, బంధువులతోపాటు 'బాధ్యతగల స్నేహితుల'నూ పేర్కొన్నాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో నిలిపేసి, 2002 నాటివాటినే మళ్లీ అమలులోకి తెచ్చింది. సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది ఇంకా స్పష్టం. సొంతంగా నిర్ణయం తీసుకోగల వయోజన రోగి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదు, రోగి మాటే ముఖ్యం. 2017 మానసిక ఆరోగ్య చట్టం మరో అడుగు ముందుకేసింది. ఎవరైనా తమకు నచ్చిన వయోజనుణ్ణి, బంధువు కాకపోయినా, ప్రతినిధిగా రాతపూర్వకంగా నియమించుకోవచ్చు. శారీరక రోగాలకు అలాంటి సూటి ఏర్పాటు లేదు.

కనుక ఇప్పటికి ఉన్న దారి పేషెంటు మాట. అడ్మిషన్ సమయంలో, మాట్లాడగలిగినప్పుడే 'నా సమాచారం ఫలానా వారికి చెప్పండి' అని కేస్ షీట్‌లో పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటే తర్వాత ఫోన్ చేసే స్నేహితుడికి సమాధానం దక్కే అవకాశం పెరుగుతుంది. ఆ నిమిషం దాటితే పేషెంటు వెంటిలేటర్ మీద, స్నేహితుడు హోల్డ్‌లో మిగిలిపోతారు.

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు సొంతూళ్లో, ఒంటరి ఉద్యోగులు మహానగరాల్లో ఉండే ఏర్పాటు మాత్రం ముగియలేదు. గుండెపోటో, రోడ్డు ప్రమాదమో జరిగిన రాత్రి ముందు ఫోన్ ఎత్తేది ఎవరో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ పేరును ఆసుపత్రికి కూడా ముందే తెలియజేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. అడ్మిషన్ ఫారంలో 'బంధుత్వం' అన్న గడి పక్కన మరో గడి చేరిస్తే సరిపోతుంది.